ఎవరెస్టు మీద త్రీ బై టూ ఫ్లెక్సీ

మా బావమరిది ఎవరెస్టు ఎక్కుతానని భోగి రోజు మధ్యాహ్నం గారెలు తిన్నాక ప్రకటించాడు. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. జిమ్ముకు వెళ్తానని కూడా వాడు ఇలాగే ఒక పండక్కి ప్రకటించి, ఏడాది ఫీజు ఒకేసారి కట్టి, పదకొండు రోజులు వెళ్లాడు. మా అత్తగారు మాత్రం "అక్కడ పెరుగు దొరుకుతుందా నాన్నా?" అని అడిగి ఊరుకున్నారు.

కనుమ నాటికి వ్యవహారం ముదిరింది. ప్రణాళికా సంఘం ఏర్పడింది, దానికి నన్ను కన్వీనర్‌ని చేశారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరిన చరిత్ర ఈ కుటుంబంలో నాకొక్కడికే ఉండటమే నా అర్హత. అప్పుడు నా సంచులు కింద కౌంటర్లో ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లు వ్యాన్లో పైకి చేర్చారు. ఆ సంగతి సంఘం అడగలేదు, నేను చెప్పలేదు.

"పదమూడేళ్ల పిల్ల ఎక్కింది బావా, నేనెక్కలేనా?" అన్నది మావాడి మొదటి వాదన. ఆ పిల్ల మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. పదహారు నిండని వాళ్లకు నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎక్కింది. అదే రోజు ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ ముందు భువనగిరి గుట్ట మీద పాకి, తర్వాత డార్జిలింగ్‌లో నేర్చుకుని, ఆ తర్వాత లద్దాఖ్ చలిలో గడ్డకట్టి వెళ్లారు. మావాడికీ భువనగిరి గుట్ట బాగా తెలుసు. వరంగల్ వెళ్లేటప్పుడు కారులోంచి చాలాసార్లు చూశాడు.

ఇక ఖర్చు. నేపాల్ ప్రభుత్వం వసంతకాలపు పర్మిట్‌ను 2025 సెప్టెంబరు నుంచి 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. మన డబ్బుల్లో పదమూడు లక్షల పైమాట. అది కొండ మీద కాలు పెట్టడానికి గుమ్మం దగ్గర ఇచ్చే టికెట్టు మాత్రమే. గైడు, షెర్పాలు, గుడారాలు, వంటవాళ్లు, ఆక్సిజన్ సిలిండర్లు అన్నీ కలిపి కంపెనీ ప్యాకేజీ నలభై లక్షల దాకా ఉంటుంది. కాఫీ మెషీన్, వెచ్చటి గుడారం, బేస్ క్యాంపులో వైఫై కావాలంటే కోటి దగ్గర ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. దీనికి తోడు ప్రతి బృందం వెంటా ప్రభుత్వం తరఫున ఒక లయజాన్ ఆఫీసరు ఉండాలి. ఆయన భత్యం, బట్టలు మనమే పెట్టుకోవాలి. ఆ ఆఫీసర్లలో చాలామంది బేస్ క్యాంపు ముఖమే చూడరని నేపాల్ పత్రికలే ఏళ్లుగా రాస్తున్నాయి. ఇది విన్నాక మా మామగారికి నేపాల్ మీద ఆత్మీయత కలిగింది. ఆయన మండలాఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు.

సెలవు దగ్గర చిక్కొచ్చింది. ఎత్తుకు ఒళ్లు అలవాటుపడాలంటే పైకెక్కడం, కిందికి దిగడం, మళ్లీ ఎక్కడం, ఇలా నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. మావాడి మేనేజరు రెండు రోజులకే వంకలు పెడతాడు. అందుకని 2025 మేలో నలుగురు బ్రిటిష్ వాళ్లు చేసిన పని సంఘం దృష్టికి తెచ్చాడు. వాళ్లు ముందుగా జర్మనీలో జెనాన్ వాయువు పీల్చుకుని, ఇంట్లో ఆక్సిజన్ తక్కువుండే గుడారాల్లో నిద్రపోయి, లండన్ నుంచి బయలుదేరిన అయిదు రోజుల్లోపే శిఖరం మీద నిలబడ్డారు. "రెండు వీకెండ్లు కలుపుకుంటే సరిపోతుంది బావా, మధ్యలో వర్క్ ఫ్రమ్ హోమ్ పెడతా" అన్నాడు. జెనాన్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కునే పని మా తోడల్లుడికి అప్పగించాం. ఆయనది గ్యాస్ ఏజెన్సీ.

ఇంతకూ అక్కడ మావాడు చెయ్యాల్సిన పనేమిటో తేల్చడానికి కంపెనీ వాళ్ల ప్లాను తీసుకుని ఒక రాత్రంతా కూర్చున్నాను. 527 మీటర్ల రన్‌వే ఉన్న లుక్లాలో విమానం దిగుతాడు, అది పైలట్ పని. సామాను జడల బర్రెలూ పోర్టర్లూ బేస్ క్యాంపుకు మోస్తారు. 5,364 మీటర్ల ఎత్తున అప్పటికే గుడారం వేసి ఉంటుంది. అక్కడి నుంచి ఖుంబు ఐస్‌ఫాల్. ఇళ్లంత మంచు గడ్డలు కదులుతూ, విరుగుతూ ఉండే చోటు. ఆ పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు వేసి, తాళ్లు బిగించి దారి తీసేవాళ్లను ఐస్‌ఫాల్ డాక్టర్లంటారు. వాళ్లు షెర్పాలు. మావాడి కంటే ముందే వెళ్లి, సీజన్ ముగిసేదాకా రోజూ ఆ దారిని బాగుచేస్తూ ఉంటారు. పై క్యాంపులకు గుడారాలు, తిండి, సిలిండర్లు చేరేసేది కూడా షెర్పాలే. చివరి తాడు శిఖరం దాకా కట్టేదీ వాళ్లే. పైన గాలి మన దగ్గరున్న దాంట్లో మూడో వంతు. మావాడు పీల్చే ఆ కాస్త గాలినీ అదనపు సిలిండర్లో మరొకరు వీపున వేసుకుని వెనక నడుస్తారు. వెతగ్గా వెతగ్గా నాకు దొరికింది ఒక్కటే: తాడుకు బిగించిన క్లిప్పును ఒక చోట తీసి తర్వాతి చోట పెట్టడం. దానిక్కూడా పక్కనే ఉండి చూసుకుంటారని రాసుంది.

షెర్పా అనేది ఉద్యోగం పేరు కాదు, ఒక జాతి పేరు. కంపెనీ కాగితంలో మాత్రం బ్రేక్‌ఫాస్ట్, ట్రాన్స్‌పోర్ట్ వరుసలో "షెర్పా ఇన్‌క్లూడెడ్" అని ఉంది.

ఐస్‌ఫాల్ ప్రమాదం కదా అని, చాలా కంపెనీలు ఇప్పుడు కస్టమర్లను అటు ఎక్కువసార్లు పంపకుండా పక్కనున్న లోబుచే శిఖరం మీద అలవాటు చేయిస్తున్నాయి. మూటలు మోసేవాళ్లకు అలాంటి వెసులుబాటు లేదు, సామాను లోబుచే మీదుగా పోదు. 2014 ఏప్రిల్ 18 తెల్లవారుజామున ఆ దారి మీద మంచుచరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. పదహారుమందీ నేపాలీ కార్మికులే, కస్టమరు ఒక్కడూ లేడు. అంత్యక్రియల కోసం ప్రభుత్వం మొదట ప్రకటించింది కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు, అంటే దాదాపు 400 డాలర్లు. సంఘం ఈ అంశాన్ని "ఇతర విషయాలు" కింద నమోదు చేసి, టీ తాగి, నిధుల సేకరణకు వెళ్లింది.

నలభై లక్షలు ఊరికే ఎవరిస్తారు? ఇచ్చేవాళ్ల ఫొటో శిఖరం మీద ఉండాలి. ఎమ్మెల్యేగారు తనది పైన మధ్యలో ఉండాలన్నారు. నగల కొట్టాయన డబ్బిచ్చేది తను కాబట్టి మధ్యలో తనే ఉంటానన్నాడు. మావాడు చదివిన కాలేజీ కరెస్పాండెంటుగారు, రియల్ ఎస్టేట్ ఆయన, కుల సంఘం అధ్యక్షుడు, మాజీ అధ్యక్షుడు. చివరి ఇద్దరూ పక్కపక్కన ఉండరు. శిఖరం మీద వీచే జెట్ స్ట్రీమ్ గాలుల కంటే ఈ ప్రొటోకాల్ గాలికి సంఘం ఎక్కువ వణికింది. మావాడి ఫొటో ఎక్కడ పెట్టాలన్నది చివరికి తేల్చాం. కింద, కుడివైపు, స్టాంపు సైజు.

చదువరులు నవ్వకండి. ఆ కొండకు మొదటి ఫ్లెక్సీ 1865లోనే కట్టారు. కొలతల పుస్తకాలు ముందేసుకుని, ఇదే అన్నింటికంటే ఎత్తు అని లెక్క తేల్చినవాడు సర్వే ఆఫీసులో పనిచేసే బెంగాలీ రాధానాథ్ సిక్దర్. లెక్క సరిగ్గా 29,000 అడుగులొస్తే, ఉజ్జాయింపు అనుకుంటారేమోనని రెండడుగులు కలిపి 29,002 అని చెప్పారంటారు. మన ఎస్టిమేట్ల సంప్రదాయం అంత పాతదన్నమాట. పేరు పెట్టాల్సి వచ్చేసరికి మాజీ పై అధికారి జార్జ్ ఎవరెస్టు పేరు పెట్టారు. టిబెట్ వైపు చోమోలుంగ్మా అనే పేరు ఉండనే ఉంది. పాపం ఆ పెద్దమనిషే, నా పేరు ఇక్కడివాళ్లకు నోరు తిరగదు, వద్దు అన్నాడు. ఆయన తన పేరును ఈవ్‌రిస్ట్ అని పలికేవాడు. అంటే కట్టిన మొదటి ఫ్లెక్సీలోనే తప్పు పడింది.

ఇంకో సంగతి. 1953 మే 29న మొదటిసారి ఎక్కిన ఇద్దరిలో టెన్జింగ్‌కు శిఖరం మీద ఫొటో ఉంది, మంచుగొడ్డలికి నాలుగు జెండాలు కట్టి పైకెత్తి పట్టుకున్నాడు. తీసిన హిల్లరీకి మాత్రం పైన ఒక్క ఫొటో లేదు. కెమెరా ఆయన దగ్గరుంది, తనది తీయించుకోవాలన్న పట్టింపు లేకపోయింది. ఇది చెప్తే మావాడు చాలాసేపు ఆలోచించి, "మరి ఎక్కాడని ఎలా నమ్మారు బావా?" అన్నాడు.

క్యూ సంగతి కూడా చూసుకోవాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు శిఖరం మీద మనిషిని ఎగరేసుకుపోయే గాలి వీస్తుంది. మే నెల మధ్యలో అది కాస్త పక్కకు తప్పుకుని కొన్ని రోజులు దారిస్తుంది. అందరూ ఆ రోజుల్లోనే బయలుదేరుతారు. 2019 మే 22న శిఖరం ముందు గట్టు మీద రంగురంగుల కోట్లతో చీమలబారులా నిలబడ్డ మనుషుల ఫొటో లోకమంతా చూసింది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో అయితే పాలు, ఉప్మా ఇస్తారు, కూర్చోనిస్తారు. అక్కడ 8,000 మీటర్లు దాటాక నిలబడ్డ ప్రతి నిమిషానికీ సిలిండరు తరిగిపోతుంది, ఆ ఎత్తుకు డెత్ జోన్ అని పేరు. మూడొందల టికెట్టు లేదు, బ్రేక్ దర్శనం లేదు, కోటి కట్టినవాడిదీ అదే తాడు. ఎమ్మెల్యేగారి సిఫార్సు లేఖ పనిచేస్తుందేమో కనుక్కోమని మావాడు కంపెనీకి మెయిల్ పెట్టాడు. జవాబు ఇంకా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఎనిమిది కిలోల చెత్త కిందికి తేవాలని 2014లో నిబంధన పెట్టారు. 2024లో అక్కడి గ్రామపాలిక ఇంకో మెట్టు ఎక్కింది. పైన ఎవరు కాలకృత్యాలు తీర్చుకున్నా సంచిలో కట్టి బేస్ క్యాంపుకు తెచ్చి చూపించాలి. ఆ చలిలో అది కుళ్లదు మరి, తరతరాలకూ ఉండిపోతుంది. నేపాల్ ఇచ్చిన నిబంధనలన్నింటిలో మా అత్తగారికి ఇదొక్కటే సబబుగా కనిపించింది. "సంచి మోసేదెవరు?" అని అడిగారు. మావాడు మాట మార్చాడు.

నిన్న సాయంత్రం ఫ్లెక్సీ కొట్టుకు వెళ్లాం. కుర్రాడు కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"సైజెంత సార్?"

"త్రీ బై టూ."

"నార్మలా, స్టారా? ఎక్కడ కడతారు? గాలి ఎక్కువుంటదా?"

"ఎవరెస్టు శిఖరం మీద" అన్నాడు మావాడు, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి.

కుర్రాడు అప్పుడూ తల ఎత్తలేదు. "ఐతే మధ్యలో అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టించుకోండి సార్, గాలి పోతుంటది. లేకపోతే చిరుగుద్ది. ఫ్లైఓవర్ మీద కట్టేవాటికి మేం అట్లనే చేస్తాం." ఇన్నాళ్ల సంఘం చర్చల్లో సాంకేతికంగా పనికొచ్చిన సలహా ఇదొక్కటే. కోతలు పెట్టాల్సిన చోట ఎమ్మెల్యేగారి ముఖం ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

"ఇంకోటి సార్," అన్నాడు కుర్రాడు గొంతు తగ్గించి, "అంత దూరం ఎందుకు? నెట్లో కొండ ఫొటో దింపి మిమ్మల్ని పైన నిలబెట్టేస్తా. రెండొందలు." మావాడి కళ్లలో ఒక్క క్షణం మెరుపు చూశాను. 2016లో మన దేశపు జంట ఒకటి సరిగ్గా ఇదే పని చేసి, వేరేవాళ్ల శిఖరం ఫొటోలో తమను అతికించుకుని దొరికిపోయిందని, నేపాల్ పదేళ్లు నిషేధం పెట్టిందని చెప్పాక మెరుపు ఆరింది.

ప్రూఫు తెర మీదికొచ్చింది. తొమ్మిది ముఖాలు, నగల కొట్టు ముద్ర, "ఎవరెస్ట్ శికరం అధిరోహించిన మా ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు" అని పసుపు అక్షరాలు. ఇంకా ఎక్కలేదు కదా అంటే, పైకెళ్లాక అచ్చువేయించడం కుదరదు కదా అన్నాడు మావాడు. అదీ నిజమే. ఎడమ మూల కింద అరచెయ్యంత జాగా మిగిలింది.

"వెంట వచ్చే షెర్పా పేరు వేద్దాంరా అక్కడ" అన్నాను.

"ఎవరొస్తారో ఇప్పుడే ఎట్లా తెలుస్తుంది బావా? ఖాట్మండులో అలాట్ చేస్తారట. వాళ్లకు చాలావరకు వారాల పేర్లే. ఆదివారం పుడితే నీమా, సోమవారమైతే దావా, శుక్రవారమైతే పాసాంగ్. ఏ వారం పుట్టినవాడొస్తాడో ఏమో."

కుర్రాడు మా కోసం ఆగలేదు. ఆ జాగాలో తన కొట్టు పేరు, సెల్ నంబరు పెట్టేశాడు. "శికరం కాదు, శిఖరం" అన్నాను.

"ఒత్తు పెడితే లైను కిందికి జారుద్ది సార్," అన్నాడు. "అంత ఎత్తున ఎవరు చదువుతారు?"