మోటరు ఆగితే మెలకువ వస్తుంది

నల్లగొండ జిల్లాలో పొలాలకు రాత్రిపూట కరెంటు ఇచ్చిన కాలం చూసినవాళ్లకు థ్రిల్లర్ సినిమా గురించి వేరే పాఠం అక్కర్లేదు. పొలం కాడ మంచమేసుకున్న రైతు, బోరు పోస్తున్నంతసేపూ గురక పెట్టి నిద్రపోతాడు. నీళ్లు పడే చప్పుడు సన్నబడితే అటూ ఇటూ మెసులుతాడు. పూర్తిగా ఆగిందా, దిగ్గున లేచి కూర్చుంటాడు. కరెంటు పోయిందా, మోటరు కాలిందా, బోరే ఎండిందా? టార్చిలైటు పట్టుకుని స్టార్టర్ డబ్బా దాకా నడిచే ఆ నాలుగడుగుల్లో ఉన్న ఉత్కంఠ, ఈ మధ్య థియేటర్లో రెండున్నర గంటలు కూర్చున్నా దొరకడం లేదు.

మన సినిమావాళ్లు భయాన్ని వాల్యూమ్‌తో కొలుస్తున్నారు మరి. హంతకుడు తలుపు తోస్తే ఢాం. తోసింది పిల్లి అయినా అదే ఢాం. ఉలిక్కిపడతాం, నిజమే. పక్కన ఎవరైనా బుడగ పగలగొట్టినా ఉలిక్కిపడతాం.

1975 నాటి సొరచేప సినిమా 'జాస్' సంగతే చూడండి. జాన్ విలియమ్స్ ఇచ్చిన రెండు స్వరాల బాణీని అందరూ పొగిడేదే. నన్ను పట్టి కుదిపేది ఆ బాణీ మోగని చోట్లు. సొరచేప కంటికి కనబడకముందే ఆ రెండు స్వరాలు వచ్చి, అదిగో వస్తోందని చెప్పేస్తాయి. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన రెక్కను నీళ్లలో తిప్పి జనాన్ని హడలగొట్టినప్పుడు మాత్రం బాణీ లేదు. అంటే సంగీతం మనతో అబద్ధమాడలేదు. ఆ నమ్మకం బాగా కుదిరాక, పడవ మీద పోలీసు అధికారి విసుక్కుంటూ నీళ్లలోకి ఎర చిమ్ముతుంటాడు. ఏ స్వరమూ లేదు. సొర తల పైకి లేస్తుంది. దర్శకుడు మన చెవిని ముందు మచ్చిక చేసుకుని, తర్వాత నట్టేట ముంచాడన్నమాట. ఇంత ఓపిక మనవాళ్లలో ఎంతమందికి ఉంది?

కీచు సంగీతంతోనే హడలగొట్టిన 'సైకో' మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 1960లో ఆ స్నానాలగది హత్యకు సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వినకుండా తీగవాద్యాలను కీచుమనిపించాడు, దర్శకుడూ ఒప్పుకున్నాడు. పైగా ఈలలు, ఫ్యాన్ల రొద ఉండే మన సింగిల్ స్క్రీన్లలో సన్నని చప్పుడు ఎవరికి వినిపిస్తుందన్నది ఇంకో వాదన. రెండోదానిలో కొంత న్యాయం ఉంది. మొదటిదానికి జవాబు ఆ సినిమాలోనే ఉంది. హంతకుడు స్నానాలగది తెర లాగేదాకా అక్కడ వినిపించేది షవర్ నీళ్లే. కీచులు అయిపోయాక మిగిలేదీ నీళ్లే. ఆ కత్తికి పదును పెట్టింది నీళ్ల చప్పుడు.

అసలు నా గొడవ సినిమాతో కూడా కాదు. వినే చెవే పోతోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రిపూట హద్దు 45 డెసిబెళ్లు. మా నల్లగొండలో పెళ్లి బరాత్ ముందు నిలబడి ఆ అంకె చెప్పండి, నవ్వుతారు. డీజే బాక్సులు గుండె మీద గుద్దుతుంటే వాటి ముందే ఎగిరి పెరిగిన పిల్లగాడికి, చెక్క మెట్టు కిర్రుమనడంలో భయమేం కనిపిస్తుంది? వాడికి ఢాం కావాలి. నిర్మాత అదే వడ్డిస్తున్నాడు. ఒగ్గు కథలో డోలు హఠాత్తుగా ఆగితే కథకుడి నోటి వంక చూసిన ఊళ్లు మనవి. ఆ ఊళ్లలోనే ఇప్పుడు నిశ్శబ్దమంటే కరెంటు పోవడం.

మొన్న మా వీధిలోనూ బరాత్ పోయింది. గంటసేపు కిటికీ అద్దాలు అదిరాయి, ఒక్క ఇంటి తలుపు తెరుచుకోలేదు. పదకొండున్నరకు జనరేటర్ ఆగిపోయింది. నిమిషంలో వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి, ఏమైంది, ఏమైందని ఒకరినొకరు అడుగుతోంది.