వెలివేసిన సైట్ పిన్ గారికి

విల్లు మీద కూర్చుని గురి చూపించే మహారాజశ్రీ సైట్ పిన్ గారికి, సైట్ లేకుండా వేసే సంప్రదాయ విలుకాండ్రు రాసుకున్న బహిరంగ లేఖ.

ఉభయకుశలోపరి. మిమ్మల్ని మా విల్లు మీంచి దించేశాక మేమంతా స్వచ్ఛంగా, సహజంగా బాణాలు వేసుకుంటున్నాం. వాటిలో కొన్ని లక్ష్యానికి తగులుతున్నాయి కూడా.

మీ మీద మా ఫిర్యాదు పాతదే. విల్లు నడుమ చేత్తో పట్టుకునే గట్టి భాగం, అంటే రైజర్‌కి మరలతో బిగించుకుని, ముందుకు చాచిన కడ్డీ చివర దర్జాగా కూర్చుంటారు. పైకీ కిందికీ జరిగే బ్లాకు, పక్కలకు తిప్పే మర, అంచున మిల్లీమీటరు గీతలు. ఇన్ని కొలతలు కంటి ముందుంటే లోపలి విలుకాడు ఎప్పుడు నిద్ర లేవాలి? పైగా మీ నడవడిక ఒకటి. బాణాలు పైన పడుతుంటే మిమ్మల్ని పైకి జరపాలి, ఎడమన పడుతుంటే ఎడమకి. తప్పు ఎటు పోతే మీరూ అటే. మేం అలాంటి వాళ్లం కాదు. తప్పును ఉన్నచోటే ఉంచి, "ఇవాళ మనసు కుదరలేదు" అని విల్లు దించేస్తాం.

కొత్తగా వచ్చిన వాళ్లకి మేం చెప్పే పాఠం ఒక్క ముక్క. బంతి విసిరేటప్పుడు కొలతలేసుకుంటావా? లక్ష్యాన్ని చూడు, మిగతాది చెయ్యే చూసుకుంటుంది. వినసొంపుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. వేస్తే చిక్కే. బంతిని దూరానికి గట్టిగా, దగ్గరికి మెల్లగా విసురుతాం, బలం మన చేతిలో ఉంటుంది. విల్లుతో ఆ వెసులుబాటు లేదు. 10 మీటర్లకైనా 40 మీటర్లకైనా నారిని అదే యాంకర్ (లాగిన చెయ్యి ముఖానికి ఆనే చోటు) దాకా లాగాలి, విల్లు అదే బలం ఇస్తుంది. మారేది బాణం కోణం ఒక్కటే.

ఆ కోణం లెక్క మీ గీతల మీదే ఉంది. మేం మాత్రం నలుగురిలో ఎత్తం. సెకనుకి 55 మీటర్లు, అంటే 180 అడుగుల వేగంతో వెళ్లే బాణం, గాలి నిరోధాన్ని పక్కనపెట్టినా, 10 మీటర్లలో 16 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 20 మీటర్లలో 65. 30 మీటర్లలో దాదాపు మీటరున్నర. దూరం రెట్టింపైతే దిగుడు నాలుగింతలు. 16.5 మీటర్ల దూరాన్ని 15 అనుకుని వదిలితే బాణం 4 సెంటీమీటర్లు కింద పడుతుంది, ఎవరూ పట్టించుకోరు. 33ని 30 అనుకుంటే 16 సెంటీమీటర్లు పడిపోతుంది. ఈ 30కీ 33కీ మధ్య కోణంలో తేడా పావు డిగ్రీకి కాస్త పైన. 70 సెంటీమీటర్ల బాణానికి మొన మూడున్నర మిల్లీమీటర్లు లేస్తే చాలు. ఆ మూడున్నర మిల్లీమీటర్లను మా అంతరాత్మ కళ్లతో చూడకుండానే పట్టేస్తుందని మా వాదన.

ఇక మీకు చెప్పక తప్పని గుట్టు. మిమ్మల్ని వీధి గుమ్మంలోంచి గెంటేసి, మారుపేర్లతో దొడ్డిదారిన లోపలికి తెచ్చుకున్నాం.

మొదటి మారుపేరు బాణం మొన. ఫుల్ డ్రాలో, అంటే నారిని పూర్తిగా లాగి పట్టినప్పుడు, లక్ష్యాన్ని ఎంత తదేకంగా చూసినా, చూపు అడుగున మసగ్గా మొన కనబడుతూనే ఉంటుంది. అది సరిగ్గా లక్ష్యం మీద కూర్చునే దూరం పాయింట్ ఆన్. అంతకన్నా దగ్గరి లక్ష్యానికి మొన కింద ఉండాలి, దూరపు దానికి పైన. మొనకీ లక్ష్యానికీ మధ్య ఖాళీ అంతా ఒకే తీరున పెరగదు. పాయింట్ ఆన్ దూరంలో సుమారు సగం దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది, అటూ ఇటూ తగ్గుతుంది. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మూడు వేళ్లూ నాక్ (బాణం తోకన నారిని పట్టే గాడి) కింద పెట్టి లాగితే బాణం కంటికి దగ్గరై పాయింట్ ఆన్ దగ్గరికొస్తుంది. ఒక వేలు పైన, రెండు కింద పెడితే దూరం జరుగుతుంది. బాణం బరువెక్కితే మళ్లీ దగ్గరికి. ఈ ఖాళీని కొలిచి వేసేవాణ్ణి గ్యాప్ షూటర్ అంటాం, కొలవలేదని బుకాయించేవాణ్ణి ఇన్‌స్టింక్టివ్, అంటే సహజ గురివాడు, అంటాం.

పూర్వీకుల మాట ఎత్తితే మాకు ఇంకా ఇబ్బంది. ఇంగ్లండ్‌లో 1849 నుంచి 1859 దాకా వరుసగా 11 ఏళ్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన హొరేస్ ఫోర్డ్ చేతిలో ఉన్నది లాంగ్‌బో. ఆయన గురి పెట్టింది బాణం మొనతో. అంతరాత్మ సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

రెండో మారుపేరు వేళ్లు. స్ట్రింగ్ వాకింగ్ చేసేవాడు మొనని ఎప్పుడూ లక్ష్యం మీదే పెడతాడు, దూరాన్ని బట్టి నారి మీద వేళ్లను కిందికి దించుతాడు. దగ్గరికి ఎక్కువ, దూరానికి తక్కువ. ఎంత దించాలో ట్యాబ్ (వేళ్లకి తొడుక్కునే తోలుముక్క) మీది కుట్లను బొటనవేలి గోటితో లెక్కపెట్టుకుంటాడు. అయ్యా, ఆ కుట్లు మీ మిల్లీమీటరు గీతలు కావూ? తేడా అల్లా, మీ గీత మారినప్పుడు విల్లు మారదు. వేళ్లు బాగా కిందికి దిగితే పై కొమ్మకీ కింది కొమ్మకీ పొత్తు చెడుతుంది, విల్లు గోల చేస్తుంది, బాణం ఊగుతూ బయల్దేరుతుంది.

మూడో మారుపేరు మచ్చ. రైజర్ కిటికీలో (బాణం పక్కన కోసిన ఖాళీలో) ఒక గీత, చెక్క పొరల మధ్య జోడింపు, నారికి చుట్టిన సర్వింగ్ అంచు, ఏది దొరికితే అది గురికి పనికొస్తుంది. మా నిజాయితీ మీద ఎంత నమ్మకమో చూడండి. ప్రపంచ విలువిద్య సంఘం వరల్డ్ ఆర్చరీ నిబంధనల్లో బేర్‌బో (సైట్ లేని విల్లు) కిటికీ దగ్గర గురికి పనికొచ్చే గుర్తులు, మరకలు, పొరలు ఉండకూడదని ఒక్కొక్కటే పేరు పెట్టి రాశారు. ఫుల్ డ్రాలో సర్వింగ్ అంచు కళ్లకి ఆనకూడదన్నారు. విల్లు నారి విప్పి 12.2 సెంటీమీటర్ల రింగులోంచి దూర్చి చూస్తారు. సైట్ వాడేవాళ్లు 70 మీటర్ల దగ్గర కొట్టే 122 సెంటీమీటర్ల ఫేసులో (లక్ష్యం కాగితంలో) పది పాయింట్ల వలయం కూడా సరిగ్గా అంతే. వాళ్ల బాణం దూరాలి, మా విల్లు దూరాలి.

మాలో ఇంకా ముదిరినవాళ్లు శబ్దవేధి దాకా పోతారు. దశరథుడి గురి తప్పలేదు, నిజమే. ఏం కొట్టాడో తర్వాత చూసుకున్నాడు.

ఇంత మాత్రాన మీరు పొంగిపోవద్దు. జంతువుల బొమ్మల్ని కొట్టే, దూరం చెప్పని 3డి బాటలో మీ పరువు మాకు తెలుసు. మీ గీతకి ఒక అంకె కావాలి, ఆ అంకె చెప్పాల్సింది మళ్లీ మనిషి కన్నే. చెట్ల నీడలో ఉన్న బొమ్మ దూరంగా అనిపిస్తుంది. మధ్యలో పల్లం ఉంటే దగ్గరగా అనిపిస్తుంది. 33ని 30 అనుకుంటే మీరు పూర్తి ఆత్మవిశ్వాసంతో, వెంట్రుకవాసి తేడా లేకుండా, 16 సెంటీమీటర్లు కింద గురిపెడతారు. విల్లు కుడికి ఒరిగితే బాణం కుడికి పోతుంది, దూరం పెరిగేకొద్దీ ఇంకా పోతుంది, మీరు మాత్రం నిటారుగా ఉన్నట్టే నటిస్తారు. ఇక గురి కుదరకముందే వదిలేసే జబ్బు, టార్గెట్ పానిక్ సరేసరి. మీరు లక్ష్యం నడుమ పసుపు అంచు తాకగానే లోపల ఎవడో "వదులు" అని అరుస్తాడు, వేళ్లు విచ్చుకుంటాయి. మావాళ్లకి ఆ జబ్బు యాంకర్‌కి రాకముందే వస్తుంది, దాన్ని మేం "వేగం" అని మెచ్చుకుంటాం. ఇద్దరికీ మందు ఒకటే: ఫేసు తీసేసిన బట్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) ముందు మూడు నాలుగు మీటర్లలో నిలబడి, యాంకర్‌లో ఆగి, గురి లేకుండా వదలడం. ఇద్దరం ఎగ్గొట్టేదీ అదే.

నిజంగా మొన చూడకుండా వేసేవాళ్లు మాలో లేకపోలేదు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. చీకటి పడ్డాక మిగతా దీపాలన్నీ ఆర్పి, బట్ మీద లక్ష్యానికి మాత్రం చిన్న వెలుగు పెట్టి, మొన కనబడకుండా వెయ్యాలి. బాణాలు పగటిలాగే ఒకచోట చేరితే అది సహజ గురే, చెల్లాచెదురైతే పగలు చేసింది మీ పనే. నెగ్గేవాళ్లు ఒకే విల్లు, ఒకే బరువు బాణాలు పట్టుకుని, 8 మీటర్ల దగ్గర బాణాల గుంపు కుదిరాకే రెండేసి మీటర్లు వెనక్కి జరుగుతూ ఏళ్ల తరబడి వేసినవాళ్లు. బాణం మారిస్తే వాళ్ల సహజం కూడా కొన్నాళ్లు మూగబోతుంది. 20, 25 మీటర్ల లోపు, తెలియని దూరంలో, కాళ్లు సరిగ్గా ఆనని చోట వాళ్ల చేతిని మీరు అందుకోలేరు. 50 మీటర్లలో వాళ్లని మీతో పోటీ పెట్టడం మాత్రం మా అహంకారం.

అందుకని ఒక రాజీ. రెండు వారాలు 18 మీటర్ల దగ్గర మా విల్లు మీదకి రండి, ఎవరికీ చెప్పకండి. అదే విల్లు, అదే బాణాలతో మీతో సగం, మీరు లేకుండా సగం వేస్తాం. మీతో గుంపు కుదిరి, మీరు లేనప్పుడు చెదిరితే లోపం గురిలో ఉంది, ఒప్పుకుంటాం. రెండు చోట్లా చెదిరితే మీరూ చెయ్యగలిగింది లేదు. ఎవడో అంగుళం తక్కువ లాగుతున్నాడు, రిలీజ్‌లో చెయ్యి పక్కకి గుంజుతున్నాడు, లేదా ముందు చెయ్యి వాలుస్తున్నాడు. రెండు చోట్లా గుంపు గట్టిగానే ఉండి పక్కకి పడితే ముందు స్పైన్, అంటే బాణం ఎంత గట్టిదో, చూడాలి. కుడిచేతి వాటానికి గట్టి బాణం ఎడమకి, మెత్తనిది కుడికి పోతుంది. అప్పుడు దయచేసి మీ పక్క మర తిప్పి మా తప్పు కప్పిపుచ్చకండి.

ఇట్లు,
మీ అవసరం ఎంతమాత్రం లేని
సంప్రదాయ విలుకాండ్రు

తా.క.: వచ్చేటప్పుడు మీ ఆలెన్ కీ తెచ్చుకోండి. ప్రతి బాణం అదురుకీ మీ మరలు కాస్త వదులవుతాయి. బ్లాకు కిందికి జారితే బాణాలు పైకి పోతాయి, మావాళ్లు దాన్ని ఆత్మోన్నతి అనుకునే ప్రమాదం ఉంది.