కోర్టుకు పొమ్మని చెప్పడానికేనా ఈ ఆఫీసులు?

తెలంగాణలో ప్రతి సోమవారం ఏ జిల్లా కలెక్టరేట్‌కు పోయినా కనిపించే లైనే ఇది, భూమి గోస చెప్పుకోవడానికి వచ్చిన రైతుల లైను. కలెక్టర్ జనం దరఖాస్తులు తీసుకునే ఈ రోజుకు ప్రజావాణి అని పేరు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మడతల దగ్గర చిరిగితే టేపు అతికించిన పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసే రెవెన్యూ రికార్డు) నకలు, దాని వెనకాల తెల్లకాగితం మీద రాసుకున్న బైనామా, అంటే అమ్మకం కాగితం, అడుగున ఇదివరకు పెట్టుకున్న దరఖాస్తుల రసీదులు, ఒక్కోటి ఒక్కో కలెక్టర్ కాలం నాటివి. ఆ కవరు విప్పి కాయితాలు టేబుల్ మీద పెట్టేలోపే అవతలి నుంచి జవాబు వచ్చేస్తుంది: ‘ఇది మీ అన్నదమ్ముల పంచాయితీ, సివిల్ కోర్టుకు పోండి.’ ఆ మాట విన్న వాళ్లలో కొందరు పురుగుల మందు డబ్బా తీస్తున్నారు. ఇలాంటి వార్తలు ఎన్నిసార్లు అచ్చేశామో మాకే లెక్క లేదు. దానికి యంత్రాంగం కనిపెట్టిన మందు ఏమిటంటే, గేటు దగ్గర పోలీసులను నిలబెట్టి సంచులు వెతికించడం.

మా కోపమంతా ఆ ఒక్క జవాబు మీదే. ఎందుకంటే అది నిజం కాదు. ఊళ్లో అన్నదమ్ములు ఊరికే కొట్టుకోవడం లేదు, కొట్టుకునేలా చేసింది రికార్డు.

తెలంగాణ పల్లెల్లో పెద్దాయన పోయాక పట్టా ఇంటి పెద్దకొడుకు పేరు మీదికి రావడం, మిగతా తమ్ముళ్లు తమ పాలు తాము దున్నుకోవడం కొత్తేమీ కాదు. ఎవరి గెట్టు, అంటే పొలం హద్దు, ఏదో ఊరందరికీ తెలుసు. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ పక్కనే, భూమిని నిజంగా దున్నుకుంటున్నది ఎవరో రాసే అనుభవదారు కాలమ్ ఉండేది, తమ్ముళ్ల పేర్లు అందులో పడేవి, దాంతో పేచీ ఉండేది కాదు. 2017లో రికార్డుల ప్రక్షాళన అన్నారు, 2020 అక్టోబర్ 29న ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ తెచ్చారు, ఈ మధ్యలో అనుభవదారు కాలమ్‌ను ఎత్తేశారు. ముప్పై ఏళ్లుగా నాగలి కట్టిన తమ్ముడు ఒక్క దెబ్బకు తన చెలకలోనే ఎవరూ కాకుండా పోయాడు. సర్కారు పంట పెట్టుబడికిచ్చిన రైతుబంధు డబ్బులు అన్న ఖాతాలో పడ్డాయి. అన్న మంచోడైతే పంచి ఇచ్చాడు. అన్న పోయాక ఆయన కొడుకులు విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మార్పు) చేయించుకుని, స్లాట్ బుక్ చేసి, ఒక్క పూటలో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెండూ చేయించి అమ్మేశారు. హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ లాంటి చోట్ల గుంట ధరే లక్షల్లో పలుకుతుంటే ఆగేదెవరు? ఇక అక్కడ గొడ్డళ్లు లేవకుండా ఎలా ఉంటాయి! కాలమ్ తీసేసింది సర్కారు. దాని పేరేమో అన్నదమ్ముల పంచాయితీ.

విస్తీర్ణాల సంగతీ అంతే. ఒక సర్వే నంబరులో భూమి పన్నెండు ఎకరాలుంటే దాన్ని చీల్చిన బై నంబర్లన్నీ కూడితే పదమూడున్నర తేలుతుంది. దశాబ్దాలుగా కొలతలు వేయకుండా కాగితాల మీద నంబర్లను చీల్చుకుంటూ పోయిన ఫలితం ఇది. ఈ తేడా రైతులు చేసిందా? ముందు పోయినవాడికి పాస్‌బుక్ వచ్చింది, చివర పోయినవాడికి ‘నంబరులో భూమి లేదు’ అన్నారు. భూమి మోకా మీద, అంటే ఉన్నచోట, అలాగే ఉంది, అందులో పత్తి కూడా ఉంది, లేనిది కంప్యూటర్‌లోనే. వాడు పక్కవాడి గెట్టు జరపడానికి పోతే కేసు పడుతుంది.

రిజిస్ట్రేషన్ లేని సాదాబైనామాల గోస ఇంకొకటి. 2014 జూన్ 2కు ముందు తెల్లకాగితం మీద కొన్న చిన్న, సన్నకారు రైతులను క్రమబద్ధీకరణకు 2020 అక్టోబర్‌లో దరఖాస్తు పెట్టుకోమంటే దాదాపు 9 లక్షల మంది పెట్టుకున్నారు. ఆ నెలలోనే అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో వాటిని క్రమబద్ధీకరించే సెక్షనే లేదని హైకోర్టులో స్టే పడింది, అది తొలగేసరికి 2025 ఆగస్టు అయింది. దరఖాస్తు తీసుకునే రోజుల్లోనే దానికి దారి మూసే చట్టం అమల్లోకి తెచ్చిన ప్రభుత్వాన్ని ఏమనాలి? ఈ ఐదేళ్లలో అమ్మినవాళ్లలో చాలామంది పోయారు, వాళ్ల కొడుకులేమో ‘మా నాయన అమ్మలేదు’ అంటున్నారు. పాస్‌బుక్ లేకుండా ఆ కొన్న రైతు చనిపోతే ఇంటికి రైతుబీమా 5 లక్షలు కూడా రావు.

భూమి హక్కు తేల్చాల్సింది సివిల్ కోర్టే, తహసీల్దార్లకు ఆ అధికారమిస్తే మళ్లీ లంచాలకు గేట్లెత్తినట్టే అని అధికారులు అంటారు, ఆ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఇక్కడ రైతు అడుగుతున్నది హక్కు తేల్చమని కాదు, మీరు రాసిన తప్పును మీరే దిద్దమని.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం మంచిదే, ధరణిలో లేని అప్పీళ్లు ఇందులో ఉన్నాయి, ఆ సంగతి ఒప్పుకోవాలి. జూన్‌లో ఊరూరా పెట్టిన రెవెన్యూ సదస్సులకు 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆగస్టు 15 కల్లా తేలుస్తామన్నారు. చట్టం మారింది గానీ ఆఫీసు నోట్లో మాట మారలేదు. వారసులంతా ఒప్పుకుంటేనే విరాసత్, లేదంటే కోర్టుకు పోండి. కొలతల్లో తేడా ఉందా, కోర్టుకు పోండి. పక్కవాడు అభ్యంతరం పెట్టాడా, కోర్టుకు పోండి.

అదే ప్రభుత్వానికి భూమి కావాల్సి వస్తే మాత్రం మోకా గుర్తుకొస్తుంది. ప్రాంతీయ రింగు రోడ్డు సర్వేకు బృందాలు పొలాల్లోకే వచ్చాయి, ఎంత పోతుందో గుంటలతో సహా లెక్కగట్టాయి. భూమి తీసుకోవడానికి గెట్టు మీదికి రాగలిగినవాళ్లు, తప్పు దిద్దడానికి ఎందుకు రాలేరు? మా అనుమానమల్లా ఒక్కటే. ఇదే అలవాటైతే రేపు ఏ ప్రభుత్వమైనా రికార్డును ఇష్టం వచ్చినట్టు మార్చేసి, చెడిపోయిన ప్రతిదాన్నీ కోర్టు గుమ్మంలో పడేసి చేతులు దులుపుకోవచ్చు. తప్పు రాసింది సర్కారు, వకీలుకు ఫీజు కట్టేది రైతు. వాయిదాకు బస్సెక్కేది రైతు. కేసు వేసిన తాత పోతాడు, మనవడు తిరుగుతుంటాడు, ఈలోపు భూమి మీద ఇంజంక్షన్ ఆర్డరు (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) ఉందని బ్యాంకువాళ్లు పంట రుణం ఇవ్వరు.

2019 నవంబర్‌లో అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దార్‌ను ఆఫీసులోనే పెట్రోలు పోసి నిప్పంటించి చంపారు. అది హత్య, దానికి ఏ సాకూ లేదు. ఆ తర్వాత కొన్ని ఆఫీసుల్లో అడ్డంగా తాళ్లు కట్టారు, రైతును దూరం నిలబెట్టారు. దూరం పెట్టాల్సింది రైతునా?

ఊళ్లో భూరికార్డులు చూసే వీఆర్వోలను (గ్రామ రెవెన్యూ అధికారులను), ఐదు వేలకు పైగా మందిని, 2020లో తీసేశారు, మళ్లీ 2025లో గ్రామ పాలనాధికారులను ఊళ్లకు పంపారు. వాళ్లను మీసేవ కాగితాల మీద సంతకాలకు కూర్చోబెట్టకండి. ప్రతి దరఖాస్తుకూ సర్వేయర్‌తో కలిసి మోకా మీదికి పోవాలి, నాలుగు దిక్కుల గెట్టోళ్లను పిలిచి అడగాలి, పంచనామా రాయాలి. మూల రికార్డైన 1954–55 ఖాస్రా పహాణీ నుంచి ఇవాళ్టి వరకు పేరు ఎక్కడ తప్పిందో, ఎవరి కాలంలో తప్పిందో రాసివ్వాలి. అప్పటికీ కోర్టుకు పంపక తప్పకపోతే ఆ కారణం కాగితం మీద సంతకంతో ఇవ్వండి, నోటిమాటగా కాదు. మీ ఆఫీసు తప్పని తేలితే ఆ కేసులో రైతు తరఫున మీరే వచ్చి చెప్పండి. ఇది చేయలేని కలెక్టర్లు సోమవారం ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తున్నట్టు? అరవై కిలోమీటర్ల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముసలాయన కవరు ముడి ఇంకా విప్పనే లేదు, తీర్పు చెప్పేశారు.