బురదకి కిటికీ తెరిచిన షోషా తుపాకీ గారికి

ఉభయకుశలోపరి.

తమరు 1915లో, మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, ఫ్రెంచి సైన్యంలో కొలువుకొచ్చారు. అప్పటి మెషిన్ గన్ కదలాలంటే నలుగురు మోయాలి. ఒక్కడే మోస్తూ, నడుము దగ్గర ఆనించుకుని, నడుస్తూ కాల్చేది కావాలన్నారు పెద్దలు. తమరి బరువు 9 కిలోలే. తయారీ గ్లాడియేటర్ అనే సైకిళ్ళ కంపెనీకి అప్పగించారు. గొట్టాలు, రేకులు, మరలు. అందులో తప్పేముంది? శత్రువు ఇంట్లోకొచ్చి కూర్చున్నాక నగిషీలు ఎవడు చూస్తాడు?

నా గోడు అంతా తూటాలు నింపే ఆ మ్యాగజైన్ గురించే. అందులో పెట్టే ఫ్రెంచివాళ్ళ లెబెల్ తూటా 1886 నాటిది, అడుగున లావు, పైకి సన్నం. అలాంటివి 20 పేర్చితే అర్ధచంద్రాకారం వస్తుంది. సరే, పోనీ అనుకున్నాను. దాని పక్కన కిటికీ ఎందుకు పెట్టించుకున్నారు స్వామీ? తూటాలు ఎన్ని మిగిలాయో కనబడాలట! అందులోంచి చూపు ఒక్కటే లోపలికి వెళ్తుందనుకున్నారు కాబోలు. అక్కడ సిపాయిలు దాక్కునే ట్రెంచి నిండా బురద. సిపాయి బోర్లా పడుకుంటే కిటికీ సరిగ్గా ఆ బురద పక్కకే వస్తుంది. చిటికెడు మట్టి పడిందా, తమరు మూగనోము పట్టేవారు. స్ప్రింగు మీద నమ్మకం లేక 20 పట్టేచోట రెండు మూడు తక్కువే నింపేవారు.

మట్టి పడకపోతే మాత్రం? తూటా పేలిన ప్రతిసారీ బ్యారెల్ మొత్తం, దాని వెనక మూతలా ఉండే బోల్టుతో కలిసి వెనక్కి రావాలి, బ్యారెల్ మళ్ళీ ముందుకెళ్ళాలి, ఆ తర్వాతే బోల్టు ముందుకి కదలాలి. అంత తీరిగ్గా నిమిషానికి 250 తూటాలు. వేడెక్కితే బ్యారెల్ తొడుగులో ఇరుక్కుపోతుంది, చల్లారేదాకా యుద్ధం ఆగాలి. చెంప ఆనించడం తేడా వస్తే వెనక గొట్టంతో లెంపకాయ.

1917లో అమెరికావాళ్ళు వచ్చి తమర్నే కొన్నారు. వాళ్ళ తూటాకి తగ్గట్టు చేసిన రకంలో తూటా కూర్చునే ఛాంబర్ కొలత తప్పింది, పేలిన తూటా గొట్టం అందులోనే ఇరుక్కునేది. ఈలోగా తుపాకులు రూపొందించే అమెరికా బ్రౌనింగ్ దొర తన ఆటోమేటిక్ రైఫిల్‌ని 1917 ఫిబ్రవరిలోనే వాషింగ్టన్‌లో కాల్చి చూపించాడు. అది జర్మన్ల చేతికి చిక్కితే కాపీ కొడతారని అమెరికా సేనాని జనరల్ పెర్షింగ్‌కి టెన్షన్. 1918 సెప్టెంబరు దాకా బయటికి తియ్యలేదు. దొంగల భయంతో బంగారం బీరువాలో పెట్టి పిల్లని గిల్టు గొలుసుతో పెళ్ళికి పంపినట్టు, కుర్రాళ్ళ చేతికి తమర్నిచ్చి పంపారు. తమర్ని కాపీ కొడతారన్న బెంగ మాత్రం ఎవరికీ కలిగినట్టు లేదు.

అయినా తిట్లన్నీ తమరికే తగలడం అన్యాయం. 2.5 లక్షలకు పైగా తయారయ్యారు, ఆ యుద్ధంలో అంతమంది చేతికి అందిన ఆటోమేటిక్ ఇంకోటి లేదు. కిటికీ గీసినవాడి పేరు ఏ సిపాయికీ తెలీదు, ఇరుక్కున్నది తమరని మాత్రం అందరికీ తెలుసు.

1924లో తమరి స్థానంలోకి కొత్త తుపాకీ వచ్చింది. మ్యాగజైన్ నెత్తిమీద, కిటికీ లేని పెట్టె. అది తీసేశాక కూడా లోపల దుమ్ము పడకుండా మూత. ఆ సలహా తమరే ఇచ్చి ఉంటారని నా అనుమానం.

ఇట్లు,
తమ శ్రేయోభిలాషి