రెండెకరాల్లో గ్యాస్ పుట్టిస్తానన్న ప్రాజెక్ట్ రిపోర్ట్‌కు ఒక బహిరంగ లేఖ

శ్రీయుత ప్రాజెక్ట్ రిపోర్ట్ గారికి,

ఎలా ఉన్నారు? సజ్జ మీద, దసరాకు తప్ప దించని ఇత్తడి బిందెల పక్కన బాగానే ఉన్నారనుకుంటా. ఇంటికొచ్చిన రోజు మిమ్మల్ని దేవుడి దగ్గర పెట్టి పసుపు కుంకుమ అద్దినవాళ్లం, ఆ చనువుతో ఇక నుంచి నువ్వు అనేస్తున్నా, ఏమనుకోకు.

నువ్వెలా వచ్చావో నీకు గుర్తుందో లేదో. మా బామ్మర్దికి హాలియా దగ్గర రెండెకరాల బత్తాయి తోట ఉంది. కాయకు రేటు లేదని దిగాలుగా కూర్చున్న రోజుల్లో ఫోన్లో ఎవరో "సొంతంగా ఎల్పీజీ తయారీ ప్లాంట్ పెట్టండి, ఇంట్లో కూర్చుని లక్షలు సంపాదించండి" అని చెబుతుంటే విన్నాడు, అంతే, ఆ రాత్రి నిద్రపోలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి 28 వేలు కట్టి నిన్ను తయారు చేయించాడు. అందులో సగం నావి. (ఈ సంగతి మా ఆవిడకు ఇంకా తెలియదు, నువ్వు కూడా నోరు జారకు.) 132 పేజీలు, స్పైరల్ బైండింగ్, అట్ట మీద నీలం మంట. చూడ్డానికి మాత్రం పెళ్లికొడుకులా ఉన్నావు.

పేజీ 11లో ముడిసరుకు: ఎల్పీజీ అని రాశావు. దాని కిందే తయారయ్యే సరుకు: ఎల్పీజీ అని రాశావు. రెండింటికీ మధ్య ఒక బాణం గీశావు. ఆ బాణం ఖరీదు కోటీ ఎనభై లక్షలు.

మేమిద్దరం ఆ బాణాన్ని చూసి మురిసిపోతుంటే, బియ్యంలో రాళ్లేరుతున్న మా అత్తమ్మ అడిగింది, "గ్యాసు ఏడికెళ్లొస్తది కొడుకా?" అని. మనమే తయారు చేస్తమమ్మా అన్నాడు వీడు. "దేనితోటి?" అంది. వీడు నీ పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పాడు, తిప్పాడు, చివరికి కరెంటు పోయిందని లేచిపోయాడు. పోలేదు. ఆమె చేట దించకుండానే "వడ్లు లేకుంట మిర్యాలగూడల మిల్లు వెట్టినట్టుంది" అంది. 132 పేజీల మీద వచ్చిన ఏకైక సమీక్ష అది, అంతకంటే మంచిది నేను రాయలేను.

హైదరాబాద్ చర్లపల్లిలో సిలిండర్లు నింపే ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన మా ఊరాయన దగ్గరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. ఎల్పీజీ అంటే ప్రొపేన్, బ్యూటేన్. క్రూడాయిల్‌ను రిఫైనరీలో కాచినప్పుడు, లేదా బావుల్లోంచి వచ్చే సహజ వాయువును శుద్ధి చేసినప్పుడు విడిపోయి వచ్చేది, షెడ్డులో మిషన్ పెట్టి పిండేది కాదు. మన దేశం వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచి ఓడల్లో. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా గెయిల్ అనే సర్కారు గ్యాస్ కంపెనీ వాళ్ల పైపు ఉంది, దాదాపు 600 కిలోమీటర్లు. చర్లపల్లిలో జరిగేదల్లా వచ్చిన గ్యాస్‌ను గుండ్రంగా తిరిగే యంత్రం మీద సిలిండర్‌కు 14.2 కిలోల చొప్పున నింపడం, తూకం చూడడం, లీకు చూడడం, సీలు వేయడం. దాన్ని బాట్లింగ్ అంటారు, నువ్వు "ఉత్పత్తి" అన్నావు. ఆ లెక్కన మా అత్తమ్మ రోజూ మూడు బిందెల నీళ్లు ఉత్పత్తి చేస్తోంది.

గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదట. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌క్యాప్టన్ కలుపుతారట. నీకు ఏమీ కలపక్కర్లేకుండానే మొదటి పేజీ నుంచి వాసన వస్తోంది, మాకే జలుబు చేసినట్టుంది.

పేజీ 38లో మా స్థలానికి ఉన్న అనుకూలతల్లో "ఓడరేవుకు సమీపం" అని రాశావు చూడు, అక్కడ మాత్రం నీకు దండం పెట్టాలనిపించింది. నల్గొండ జిల్లా నాయనా ఇది! నాగార్జునసాగర్ పేరులో సాగర్ కనపడగానే ఓడలొస్తాయనుకున్నావా, లేక కాకినాడ వాళ్లకు రాసిన రిపోర్ట్‌లో ఊరి పేరు ఒక్కటే మార్చావా?

ఇవన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. వదలలేనిది నీ లేఅవుట్. ట్యాంకును తెచ్చి తోటలోని పాత బావికి పది అడుగుల దూరంలో పెట్టావు, బావి పక్కనే మోటర్ స్టార్టర్. గ్యాస్ అంటే బెలూన్‌లా పైకి పోతుందని మా బామ్మర్ది అనుకున్నాడు సరే, చదువుకున్నదానివి నువ్వెలా అనుకున్నావు? ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే నేలమీద పాకి, పల్లం వెతుక్కుని, గుంటల్లో బావుల్లో దిగి కూర్చుంటుంది. ద్రవంగా ఉన్నది ఆవిరైతే దాదాపు 250 రెట్లు ఉబ్బుతుంది. పొద్దున్నే నీళ్లు పెడదామని ఎవరో ఒకరు స్టార్టర్ నొక్కుతారు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో లీకైంది ఈ ఎల్పీజీయే, 60 మంది దాకా పోయారు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, మన రెండెకరాల్లో కాపలా ఉండేది ఒక కుక్క.

అనుమతుల గురించి మొత్తం ఒకే వాక్యం రాశావు, "అవసరమైన అనుమతులు తీసుకోవలెను." ఎంత మర్యాదగా ఉంది! ఆ వాక్యం వెనక నాగపూర్‌లో పేలే, మండే సరుకుల భద్రత చూసే పెసో అనే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు ఉంది, డ్రాయింగులు ఉన్నాయి, ట్యాంకు నుంచి గోడ దాకా వదలాల్సిన దూరాలు ఉన్నాయి, మంటలార్పే నీళ్లు ఉన్నాయి. ఆ దూరాలన్నీ వదిలితే మా రెండెకరాల్లో మిగిలేది గేటు.

సరే, గడిచిందేదో గడిచింది. బత్తాయి చెట్లు కొట్టేయకముందే అత్తమ్మ నోరు విప్పింది కాబట్టి తోట ఉంది. రేటు మాత్రం ఇంకా లేదు.

ఇంతకీ ఈ లేఖ రాసింది నీకో కబురు చెప్పడానికి. నిన్న బామ్మర్ది వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. "ఈసారి ఆక్సిజన్ ప్లాంట్ బావా, ముడిసరుకు గాలి, అమ్మ అడిగినా జవాబుంది" అన్నాడు. రిపోర్ట్‌కు అడ్వాన్స్ కట్టేశాడట. వచ్చే వారం నీ తమ్ముడు దిగుతున్నాడు, సజ్జ మీద కొంచెం జరిగి చోటివ్వు.

ఇట్లు,
నీ 28 వేలలో 14 వేల వాటాదారు