అభిరుచి గల నిర్మాత

మొన్న యూట్యూబ్‌లో ఒక ప్రీ రిలీజ్ ఈవెంట్ చూశాను. గంటన్నరలో ‘అభిరుచి గల నిర్మాత’ అన్న మాట పదకొండు సార్లు వినపడింది. పనీపాటా లేక లెక్కపెట్టాను.

సంస్కృతంలో ‘రుచ్’ ధాతువుకు వెలగడం, నచ్చడం అని అర్థాలు. పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి కాబట్టి నిర్మాతకూ ఏదో ఒకటి ఉంటుంది, కాదనను. ఫిల్మ్‌నగర్ నిఘంటువులో మాత్రం అభిరుచి అంటే చెక్కు మీద సంతకం.

యాంకరమ్మ నిర్మాతగారిని సాదరంగా పిలిచింది. రాత్రి తొమ్మిదింటికి నల్లకళ్లద్దాలతో సారు లేచారు. బొకే, శాలువా, మళ్లీ అదే బొకే, ఎందుకంటే మొదటిసారి ఫొటో సరిగ్గా పడలేదట. దర్శకుడు మైకందుకుని, “సార్ కథ పది నిమిషాలే విన్నారు, మధ్యలో రెండు ఫోన్లు కూడా మాట్లాడారు, అయినా ఓకే అన్నారు, అదీ సార్ టేస్ట్! షూటింగ్ అయ్యేదాకా సెట్‌కి ఒక్కసారి కూడా రాలేదు” అన్నాడు. చప్పట్లు. హీరోగారేమో, వంద మంది డాన్సర్లు చాలన్నా వినకుండా ఐటమ్ సాంగ్‌కి రెండొందల మందిని దింపారని కళ్లు తుడుచుకున్నారు. చివరికి సారు “నాకు మాట్లాడ్డం రాదు” అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారు యాభై దాటిన డిప్యూటీ కలెక్టర్‌ని, జె.వి. సోమయాజులు గారిని, ప్రధాన పాత్రలో పెట్టి శంకరాభరణం తీశారు. 1980లో వచ్చింది. స్టార్ హీరో లేడు, ఫైట్లు లేవు. ఆ మాట అలాంటివాళ్ల కోసం దాచుకోవాల్సింది, అరిగిపోయేదాకా పంచిపెట్టాం.

సర్లే, మాటే కదా అనుకుందామంటే ఒళ్లు మండుతుంది. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని రెండు వారాలకు పైగా పని మానేస్తే, రెండొందల మంది డాన్సర్లకి దొరికిన డబ్బు లైట్లు మోసేవాడి దగ్గరికొచ్చేసరికి దొరకదా? మా ఊరి కుర్రాడొకడు ఇలాంటి అభిరుచి దగ్గరే ఎనిమిది నెలలు డైలాగులు రాశాడు. తెర మీద పేరు లేదు, చేతికి రూపాయి లేదు. అడిగితే “అవకాశం ఇచ్చాం కదయ్యా” అన్నారట. అవకాశంతో అద్దె కడతారా? ఏం సిగ్గులేని మనుషులండీ!

ఆ ఈవెంట్‌లో యాంకర్ చదివిన స్క్రిప్టు కూడా వాడే రాశాడని తర్వాత తెలిసింది. దానికీ డబ్బివ్వలేదు. పదకొండు సార్లు ఎందుకురా అనడిగితే, “పన్నెండు రాశానన్నా, ఒకటి ఆవిడ మింగేసింది” అన్నాడు.