బ్లాకులు కట్టించారు, ఇక జూనియర్లకు కాస్త టైమివ్వండి

2022లో ఒక వార్త గుంటూరు వాళ్లందరినీ కదిలించింది. 1965లో గుంటూరు మెడికల్ కాలేజీలో చేరి, చదువయ్యాక అమెరికాలో స్థిరపడిన డాక్టర్ గవిని ఉమాదేవి గారు తన ఆస్తిలోంచి దాదాపు 20 కోట్ల రూపాయలు గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) మాతా శిశు భవనానికి రాసిచ్చారు. డల్లాస్‌లో జింకానా సమావేశంలో ఆ మాట ప్రకటించారు. జింకానా అంటే ఈ కాలేజీలో చదివి ఉత్తర అమెరికాలో ఉంటున్న డాక్టర్ల సంఘమని ఇక్కడ చాలామందికి తెలిసిందే. భవనానికి చనిపోయిన తన భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు గారి పేరు పెట్టారు. ఎప్పుడో అరవై ఏళ్ల కిందట ఫీజు కట్టి చదువుకున్న కాలేజీ కోసం ఒక మనిషి ఇంత చేయడం మామూలు విషయం కాదు, ఆమెకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ గౌరవం మనసులో ఉంచుకునే ఒక మాట అంటాను. మన దగ్గర పూర్వ విద్యార్థుల సాయం అనగానే భవనం, స్కానింగ్ మెషీన్, ఆడిటోరియం ఇవే గుర్తొస్తాయి. పేషెంటుకి అవి కావాలి, కాదనను. అయితే ఇవాళ హాస్టల్ గదిలో కూర్చుని రేపటి వైవా (నోటి పరీక్ష) తలుచుకుని చెమటలు పడుతున్న ఫస్టియర్ పిల్లకి కావాల్సింది అడిగితే సమాధానం చెప్పే సీనియర్. అది మన కాలేజీల్లో ఇంకా అదృష్టం మీద ఆధారపడి దొరుకుతోంది.

సీనియర్లకి కాలేజీ మీద ప్రేమ లేక కాదు, ఆ ప్రేమ అంతా బ్యాచ్ లోపలే తిరుగుతుంది. ప్రతి బ్యాచ్‌కీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది, అందులో పుట్టినరోజులు, పిల్లల పెళ్లిళ్లు, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే గంటలో వచ్చిపడే డబ్బు, అన్నీ ఉంటాయి. పాతికేళ్లు పూర్తయిన బ్యాచ్ రీయూనియన్ పెట్టుకుంటే గుంటూరులో అయినా విజయవాడలో అయినా రెండు రోజులు పండగే, పాత గ్యాలరీలో అవే బెంచీల మీద కూర్చుని ఫొటోలు దిగుతారు, రిటైరైన ప్రొఫెసర్లకి శాలువాలు కప్పుతారు, కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఆ రోజు ప్రస్తుతం చదువుతున్న పిల్లలు ఏం చేస్తుంటారో ఒకసారి గమనించండి. గేటు దగ్గర దారి చూపిస్తుంటారు, బొకేలు అందిస్తుంటారు, ఎవరో ఒకరు మైకు పట్టుకుని యాంకరింగ్ చేస్తుంటారు. వాళ్లతో పదిహేను నిమిషాలు కూర్చుని ‘ఏమ్మా, ఎలా ఉంది చదువు?’ అని అడిగేవాళ్లు ఎంతమంది?

ఎంబీబీఎస్‌లో సీనియర్ విలువ ఏంటో చెప్పడానికి బోన్ సెట్ చాలు, అంటే శరీర నిర్మాణం (అనాటమీ) చదవడానికి వాడే ఎముకల సెట్టు. మా బంధువుల అమ్మాయి సీటు వచ్చి చేరినప్పుడు పై సంవత్సరం అక్క దగ్గర సగం ధరకి ఒక సెట్టు తీసుకుంది. పాత రేకు పెట్టె, మూత లోపలివైపు అంతకుముందు దాన్ని వాడినవాళ్ల పేర్లు, ఒక్కోటి ఒక్కో ఇంకుతో. కాలి ఎముక ఫిబ్యులా ఎప్పుడో విరిగితే ఫెవిక్విక్‌తో అతికించారు. ఎముకల మీద ఏ కండరం ఎక్కడ అతుక్కుంటుందో ఎర్ర, నీలం స్కెచ్ పెన్నులతో గీసి ఉంది, ఆ గీతలు ఎవరివో ఈ పిల్లకి తెలియదు గానీ అనాటమీ గట్టెక్కింది మాత్రం వాటి పుణ్యమే. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇంటర్‌లో బట్టీ కొట్టి నీట్ గట్టెక్కి వచ్చిన పిల్లలకి మొదటి ఆరు నెలలు ఇంగ్లిషు లెక్చర్లు చెవి పక్కనుంచి పోతాయి. 15 శాతం ఆలిండియా కోటాలో రాజస్థాన్ నుంచో కేరళ నుంచో వచ్చిన పిల్లలకి ఇంకో బాధ, వార్డులో పేషెంటు ‘కడుపులో దేవుతోంది డాక్టరుగారూ’ అంటే దిక్కులు చూస్తారు. ఇవన్నీ ఇదే దారిలో నడిచిన మనిషి పది నిమిషాల్లో తేల్చేసే సమస్యలు.

పెద్ద సమస్యలూ ఉన్నాయి. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జాతీయ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక చూస్తే, ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న పాతికవేల మందికి పైగా ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు చెప్పారు. అంటే పదిమంది కూర్చున్న మెస్ టేబుల్ దగ్గర ఇద్దరో ముగ్గురో. ఈ పిల్లలు టీచర్లకి చెప్పరు, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలో ఉంటాయన్న భయం. ఇంట్లో చెప్పరు, ‘మా అమ్మాయి డాక్టరవుతోంది’ అని ఊరంతా చెప్పుకున్న తల్లిదండ్రులు తట్టుకోలేరని. కాలేజీలో ఉన్న సీనియర్లని ర్యాగింగ్ నిబంధనల వల్ల ఫస్టియర్‌కి దూరంగా ఉంచుతారు, అలా ఉంచడమే సరైంది. ఇక మిగిలింది బయటికెళ్లిపోయిన సీనియర్. అతని చేతిలో మార్కులు లేవు, హాస్టల్ పెత్తనం లేదు, ఇతనికేం చెబితే ఎక్కడికి పోతుందో అన్న టెన్షన్ లేదు. అతను సైకియాట్రిస్టు పని చేయనక్కర్లేదు, నోరు విప్పేలా చేసి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చాలు.

అలాంటి సీనియర్ కోసం డల్లాస్ దాకా చూడక్కర్లేదని నా అభిప్రాయం. గుంటూరు కొత్తపేటలో బోర్డులు చదువుకుంటూ నడవండి, విజయవాడ సూర్యారావుపేటలో నడవండి, సగం క్లినిక్కులు ఈ రెండు ఊళ్ల కాలేజీల వాళ్లవే అనిపిస్తుంది. ఆటో ఎక్కితే కాసేపట్లో చేరే దూరం. విజయవాడలోని సిద్ధార్థ మెడికల్ కాలేజీ 1980లో ప్రైవేటుగా మొదలై తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చింది, మొదటి బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడు అరవై దాటారు, పిల్లలు స్థిరపడ్డారు, సాయంత్రం ఓపీ తగ్గించుకున్నవాళ్లూ ఉంటారు. నెలకి ఒక ఆదివారం నలుగురు పిల్లల్ని ఇంటికి భోజనానికి పిలవడం వాళ్లకి భారమేమీ కాదు.

అమెరికా వెళ్లాలనుకునే పిల్లల విషయంలో మాత్రం పెద్ద బ్యాచ్‌ల కంటే నిన్నమొన్న వెళ్లినవాళ్లే పనికొస్తారు. అక్కడ డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన యూఎస్‌ఎంఎల్ఈ పరీక్షలో మొదటి భాగం స్టెప్ వన్‌కి 2022 జనవరి నుంచి స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఇస్తున్నారు, దాంతో లెక్కంతా మారిపోయింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ వర్క్ వీసా దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. 1980లలో వెళ్లిన పెద్దాయన ఎంత మంచి మనసుతో సలహా ఇచ్చినా అది ఆనాటి దారి. ఆ పెద్దాయన చేయగలిగింది వేరే ఉంది, తన హాస్పిటల్లో ఒక అబ్జర్వర్‌షిప్, అంటే పక్కనుండి డాక్టర్ల పని చూసి నేర్చుకునే అవకాశం, ఇప్పించడం, వచ్చిన పిల్లకి నెల రోజులు ఇంట్లో గది ఇవ్వడం. అద్దె లక్షల్లో ఉన్న ఊళ్లలో ఆ గది విలువ మామూలుది కాదు.

అందరికంటే ఎక్కువ అవసరమైన సీనియర్లు అసలు రీయూనియన్లకే రారు. రీయూనియన్‌కి వచ్చేది ఎక్కువగా బాగా స్థిరపడ్డవాళ్లు. పీజీ సీటు కోసం మూడు నాలుగేళ్లు కూర్చుని చివరికి కోరుకోని బ్రాంచి తీసుకున్నవాళ్లు, పల్నాడులో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసరుగా ఉండిపోయినవాళ్లు, పెళ్లయ్యాక ప్రాక్టీసు ఆగిపోయిన అమ్మాయిలు, సప్లీల మీద సప్లీలు రాసి ఆలస్యంగా బయటపడ్డవాళ్లు గ్రూపులో ఉన్నా మాట్లాడరు. చివరి ఏడాది హౌస్ సర్జన్సీ చేస్తూ నీట్ పీజీకి చదువుతున్న పిల్లాడికి గోల్డ్ మెడలిస్టు ప్రసంగం కన్నా, రెండుసార్లు ర్యాంకు రాక మూడోసారి గట్టెక్కిన మనిషి మాట ఎక్కువ ధైర్యమిస్తుంది. పీహెచ్‌సీలో ఉన్న డాక్టరు, పీజీ సీట్లలో ప్రభుత్వ డాక్టర్లకి ఉండే ఇన్‌సర్వీసు కోటా ఎలా పనిచేస్తుందో చెప్పగలడు, ఆ ఉద్యోగంలో ఉన్న తృప్తి కూడా చెప్పగలడు. వీళ్లని పిలవాలి, వాళ్లంతట వాళ్లు రారు కాబట్టి పట్టుబట్టి పిలవాలి.

డబ్బు సంగతి కూడా. అమెరికా పౌరసత్వం తీసుకున్న డాక్టరు ఇక్కడి సంస్థకి పంపే డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది, దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో కావాలి, 2020 సవరణ తర్వాత ముందుగా ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ బ్రాంచిలో జమ కావాలి. అందుకే పెద్ద మొత్తాలు ఏదో ఒకలా వస్తాయి గానీ ఒక పిల్లాడి మెస్ బిల్లు, పరీక్ష ఫీజు లాంటి చిన్న ఖర్చులకి ఆ దారి పనికిరాదు. వాటికి ఇక్కడున్న పూర్వ విద్యార్థులే తలా కొంత వేసుకుని ఒక నిధి పెట్టాలి. ఒక్క షరతు, చెక్కు అందిస్తూ ఫొటోలు వద్దు. తోటివాళ్ల ముందు పేదవాడిగా నిలబడాల్సి వస్తుందంటే అవసరమున్న పిల్లాడే దరఖాస్తు పెట్టడు.

డబ్బు కాకుండా పని రూపంలో వచ్చే సాయం ఎంత దూరం పోతుందో గుంటూరు చూసింది. 2016లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం జీజీహెచ్‌లోనే గుండె మార్పిడి చేసింది. ప్రభుత్వాసుపత్రిలో ఇలాంటివి జరగవు అనుకుంటూ పెరిగిన విద్యార్థులకి అది కళ్లముందే జరిగింది. పేరున్న సర్జన్ నెలకి ఒకసారి వార్డుకి వచ్చి కేస్ ప్రెజెంటేషన్ విన్నా పిల్లలు మర్చిపోరు.

ఇవన్నీ నడవాలంటే పెద్ద సంఘం, కొత్త పేరు, లోగో అక్కర్లేదు. కాలేజీలో పాఠం చెబుతున్న అధ్యాపకుల్లో చాలామంది అదే కాలేజీ విద్యార్థులు, వాళ్లలో ఒకరు బాధ్యత తీసుకుని ప్రతి బ్యాచ్ గ్రూపు నుంచి ఫోన్ ఎత్తడానికి ఒప్పుకున్న ఐదుగురి పేర్లు, వాళ్లు ఏ విషయంలో సాయపడగలరో రాసి పెట్టుకుంటే చాలు. ఫస్టియర్ ఓరియెంటేషన్ రోజున ఆ జాబితా పిల్లల చేతికి అందాలి, ఏటా నంబర్లు సరిచూసే పని హౌస్ సర్జన్లకి ఇవ్వాలి, ఎందుకంటే మర్నాటి నుంచి పూర్వ విద్యార్థులు అయ్యేది వాళ్లే. సంక్రాంతికి ఊళ్లకొచ్చే ఎన్ఆర్ఐ డాక్టర్లు, అప్పుడే రీయూనియన్ పెట్టుకునే బ్యాచ్‌లు ఈసారి కార్యక్రమంలో ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉంచండి, స్టేజీ లేకుండా, మైకు లేకుండా, ఒక్కో టేబుల్‌కి ఇద్దరు సీనియర్లు, ఆరుగురు విద్యార్థులు కూర్చునేలా.